ఐదో నెల ప్రయాణం

మా పాపకు ఐదో నెల వచ్చింది. ఇక అత్తగారింటికి తీసుకుపోవాలి. సరి నెల పనికిరాదు, బేసి నెలే మంచిదని అమ్మ పట్టు. మంగళవారం, శుక్రవారం ఆడపిల్లను గడప దాటించదు. అట్లా లెక్కలన్నీ చూసి 2025 మార్చి 13, గురువారం పొద్దున శాలిబండ నుంచి మియాపూర్‌కు ప్రయాణం ఖాయం చేసింది. ఊరు ఒకటే. కాకపోతే మేముండేది పాతబస్తీలో, అత్తగారిల్లు ఊరికి ఆ చివర, ముంబయి హైవే పక్కన. ఒంటరి మనిషికి గంటన్నర దారి. ఆరు కిలోల పాప, నాలుగు కిలోల సంచి, ఏడు కిలోల తోపుడుబండి, మోకాళ్ళ నొప్పులతో అమ్మ... ఇంతమందిమి ఎప్పటికి చేరతామో ఇంట్లో ఎవరూ చెప్పలేకపోయారు.

మా ఇల్లు హరిబౌలిలో, అక్కన్న మాదన్నల మహంకాళి గుడికి దగ్గర్లోని ఒక గల్లీలో. శాలిబండ అసలు పేరు షా అలీ బండా. నోళ్ళలో నలిగి నలిగి శాలిబండ అయింది. పక్కన నాగులచింత, లాల్‌దర్వాజ, ఉత్తరాన చార్మినార్, దక్షిణాన శంషీర్‌గంజ్, అలియాబాద్, ఫలక్‌నుమా. నేను పుట్టి పెరిగింది ఇక్కడే. కళ్ళకు గంతలు కట్టినా ఇంటికి చేరగలను అనుకునేదాన్ని. పాపను ఎత్తుకుని నడిచాక గానీ ఈ దారిలో ఎన్ని మెట్లున్నాయో నాకు తెలియలేదు.

ఇంటి గడపకు మూడు మెట్లు. గల్లీ మలుపులో మోరీ మీద కప్పిన బండ జానెడు ఎత్తు. పెద్ద రోడ్డు మీద ఫుట్‌పాత్ కొంతదూరం ఉంటుంది, కొంతదూరం ఉండదు. ఉన్నచోట దాదాపు మోకాలెత్తు. ఎక్కితే దాని మీద కరెంటు స్తంభం, ట్రాన్స్‌ఫార్మర్, ఆపిన బైకులు. దిగితే ఆటోల మధ్యలోకి దిగాలి. చేతులు ఖాళీగా ఉన్న మనిషి ఇవేవీ చూడకుండా ఎక్కి దిగి పోతుంది. చంకన బిడ్డ ఉంటే కాలి కింద నేల కనిపించదు. పాదంతో తడుముకుంటూ దిగాలి. నవంబర్ మొదట్లో పెట్లబుర్జు ఆస్పత్రిలో కాన్పయి పాపతో ఇంటికి వచ్చిన రోజు నుంచి నేను అట్లా తడుముకుంటూనే నడిచాను. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం సూదులకు పోయినప్పుడూ అంతే.

తోపుడుబండి సంగతి చెప్పాలి. మా ఆడపడుచు స్టాక్‌హోమ్‌లో ఉంటుంది. అక్కడ ఆమె కొడుకును నడిపించిన బండి. నీలం గుడ్డ, మడిస్తే గొడుగులా చిన్నదయ్యే ఇనుప కాళ్ళు. ఎంతో ప్రేమగా పంపింది. అక్కడ బిడ్డ బండితో సిటీ బస్సు ఎక్కిన తల్లికి టికెట్ ఉండదట. బస్సు ఆగగానే ఒక పక్కకు వంగి, దాని నేల ఫుట్‌పాత్‌కు దగ్గరగా వస్తుందట, బండిని అట్లాగే లోపలికి తోసుకుపోవడమే. ఫోన్లో ఆమె చెబుతుంటే నాకు మా బస్సులు గుర్తొచ్చాయి. 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి పథకం వచ్చినప్పటి నుంచి మా సిటీ బస్సుల్లోనూ ఆడవాళ్ళకు టికెట్ లేదు. నా చిన్నప్పుడు అమ్మ చార్మినార్ నుంచి కోఠీకి బస్సు డబ్బులు లెక్కపెట్టుకుని పోయేది, ఇప్పుడు ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటుంది. ఇది చిన్న మార్పు కాదు. కానీ బస్సు మెట్టు ఎత్తు మాత్రం అట్లాగే ఉంది. మాకు టికెట్ లేదు, మెట్టుంది. వాళ్ళకు రెండూ లేవు.

ప్రయాణానికి వారం ముందు ఆ బండిని ఒకసారి పరీక్షించి చూశాను. రంజాన్ నెల నడుస్తోంది. పాతబస్తీలో పసిబిడ్డను బయటికి తీసుకుపోవాలంటే రంజాన్ పొద్దుటిపూటను మించిన సమయం లేదు. ఈ మాట బయటివాళ్ళకు వింతగా తోచవచ్చు. రాత్రంతా శాలిబండ నిద్రపోదు. పిస్తాహౌస్ ముందు హలీం భట్టీల దగ్గర, షా గౌస్ ముందు, బట్టల దుకాణాల ముందు జనం కిక్కిరిసి ఉంటారు. సహరీ ముగిసి తెల్లవారు నమాజు అయ్యాక బస్తీ మొత్తం ఒక్కసారిగా కన్ను మూస్తుంది. ఎనిమిది గంటలకు షట్టర్లన్నీ దించి ఉంటాయి. భట్టీల్లో బూడిద చల్లారి ఉంటుంది. రోడ్డు ఎంత వెడల్పో ఆ వేళ మాత్రమే తెలుస్తుంది.

ఆ ఖాళీ రోడ్డు మీద పాపను బండిలో పడుకోబెట్టి చార్మినార్ వైపు తోసుకుంటూ పోయాను. తారు మీద బాగానే సాగింది. చార్మినార్ దగ్గరపడ్డాక, నడిచేవాళ్ళ కోసమని పరిచిన గ్రానైటు రాళ్ళ మీదికి రాగానే చక్రాలు గడగడలాడాయి. పాప బుగ్గలు అదిరిపోతున్నాయి. ముఖం చిట్లించి, ఏడవాలా వద్దా అన్నట్టు నా వైపు చూసింది. వెంటనే ఎత్తుకున్నాను. నడవడానికి పరిచిన రాళ్ళే, నడక రాని పాపకు కుదుపులయ్యాయి. తిరిగి వచ్చేటప్పుడు ఒక చోట మోరీ మీది రెండు బండల సందులో ముందు చక్రం ఇరుక్కుంది. ఒక చేత్తో పాప, ఒక చేత్తో బండి. పాలు పోసి వెళ్తున్న ఒకాయన సైకిల్ ఆపి, స్టాండు వేసి, చక్రాన్ని వంచకుండా మెల్లగా పైకి లాగి ఇచ్చి వెళ్ళాడు. ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నేను థాంక్సు చెప్పేలోపే మలుపు తిరిగాడు.

ఆ రోజే అమ్మ తన పాత వాయిల్ చీర చింపి జోలె కుట్టింది.

ఎట్లా పోవాలన్న దాని మీద ఇంట్లో రెండు రోజులు చర్చ. ఫలక్‌నుమా స్టేషన్‌కు పోయి ఎంఎంటీఎస్ ఎక్కితే హఫీజ్‌పేట దాకా కూర్చునే పోవచ్చని నాన్న. ఎంఎంటీఎస్ చవక, నిజమే. కానీ బండ్ల టైము చూసుకుని పోవాలి, పసిబిడ్డ టైము చూసుకోదు. తమ్ముడు తన బైకు మీద గంటలో దించేస్తానన్నాడు. పాతబస్తీలో ఎటు చూసినా అదే దృశ్యం: ముందు ట్యాంకు మీద ఒకడు, మధ్యలో ఒకతి, వెనక తల్లి ఒడిలో చంటిది. నాలుగేళ్ళలోపు పిల్లలను బండి మీద తీసుకుపోతే నడిపేవాళ్ళకు కలిపి రక్షణ పట్టీ కట్టాలని, వేగం 40 కిలోమీటర్లు దాటకూడదని కేంద్రం 2022లోనే నియమం తెచ్చింది. ఆ పట్టీ కట్టిన బిడ్డను నేను మా రోడ్డు మీద ఇంతవరకు చూడలేదు. మెడ నిలబడీ నిలబడని పాపతో బండెక్కనని ఖచ్చితంగా చెప్పేశాను. తమ్ముడు రెండు రోజులు అలిగాడు. క్యాబ్ మా గల్లీలోకి రాదు. మావారు మియాపూర్‌లో స్టేషన్ దగ్గరికి వస్తానన్నారు. చివరికి తేలింది: ఎంజీబీఎస్ దాకా ఆటో, అక్కడి నుంచి మెట్రో.

గురువారం ఎనిమిదింటికి బయలుదేరాం. పాప అరికాలికి, బుగ్గకు దిష్టి చుక్కలు. పొత్తిళ్ళలో ఒక వెల్లుల్లి రెబ్బ, చిన్న ఇనుప ముక్క. సంచిలో ఆరు డైపర్లు, నాలుగు మెత్తటి పాత గుడ్డలు, రెండు జతల బట్టలు, ఫ్లాస్కులో గోరువెచ్చటి నీళ్ళు, తడిగుడ్డ, ఒక ప్లాస్టిక్ కవరు. గుళ్ళో అమ్మవారికి దండం పెట్టించాం. తానీషా కొలువులో మంత్రులైన ఆ అన్నదమ్ముల పేరు మీద ఈ గుడిని ఇవాళ్టికీ పిలుస్తారు. పూజారి పాప నుదుట కుంకుమ పెట్టబోతే అమ్మ వద్దంది, చర్మం మంటపుడుతుందని. ఆయన తన చేత్తో గాలిలోనే పెట్టినట్టు చూపి, "పైలం బిడ్డా" అన్నాడు.

మొదటి ఆటో ఆగింది. మడిచిన తోపుడుబండిని చూసి సీటు చినుగుతుందని చెప్పి వెళ్ళిపోయాడు. రెండో ఆటోవాలా పాతికేళ్ళ కుర్రాడు. రోజా ఉన్నట్టుంది, పెదవులు పొడిబారి ఉన్నాయి. బండిని తానే తీసుకుని వెనక తాడుతో కట్టాడు. "ఆరామ్‌గా పోదాం అక్కా. గడ్డలొస్తే ముందే చెప్తా" అన్నాడు. నిజంగానే ప్రతి గుంత ముందు "అక్కా" అనేవాడు. నేను పాప తల వెనక అరచెయ్యి పెట్టేదాన్ని. అమ్మ నా భుజం పట్టుకునేది. మేం ముగ్గురం ఆ ఒక్క మాటకు అలవాటు పడిపోయాం.

చార్మినార్ చుట్టూ ఆటోలను పోనివ్వరు. అందుకని హరిబౌలి నుంచి మీర్ మోమిన్ దాయిరా, అలీజా కోట్ల, ఏతెబార్ చౌక్, పురానీ హవేలీ, దారుల్‌షిఫా మీదుగా పట్టుకొచ్చాడు. మెట్రో రాబోయే దారి కూడా సరిగ్గా ఇదే. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా వైపు పనికి 2024 మార్చి 8న శంకుస్థాపన చేశారు. సాలార్‌జంగ్ మ్యూజియం, చార్మినార్, శాలిబండ, శంషీర్‌గంజ్, ఫలక్‌నుమా అని స్టేషన్ల పేర్లు కూడా పెట్టారు. రోడ్డును 100 అడుగులకు పెంచాలని 2025 మొదట్లో ఇళ్ళు, దుకాణాలు కూల్చడం మొదలుపెట్టారు. దారి పొడుగునా సగం కోసిన గదులు కనిపించాయి. ఒక మేడ మీద పచ్చరంగు వేసిన గోడ, దానికి ఇంకా మేకుకు తగిలించిన క్యాలెండరు. ఒక చోట మెట్లున్నాయి, అవి ఎక్కించే ఇల్లు లేదు. ఈ దారిలో ఇల్లు పోగొట్టుకున్న వాళ్ళలో నాతో చదువుకున్నవాళ్ళూ ఉన్నారు. మెట్రో రావాలని మనస్ఫూర్తిగా కోరుకునేదాన్ని నేను. ఆ గోడ చూసి గొంతు పట్టేసింది.

మీర్ మోమిన్ దాయిరా దగ్గర దారికి అడ్డంగా జేసీబీ నిలబడి మట్టి ఎత్తుతోంది. ముందు లారీ, వెనక ట్యాంకరు. ఆటో ఇంజను ఆపేశాడు. దుమ్ము పొగలా లేచింది. పాప నిద్రలోంచి లేచి ఏడుపు అందుకుంది. అది ఆకలి ఏడుపు. పసివాళ్ళ ఏడుపుల్లో తేడా మొదట్లో నాకు తెలిసేది కాదు, ఇప్పుడు తెలుస్తోంది. ఆటోలో రెండు వైపులా పరదా లేదు. అమ్మ కొంగు పట్టి అడ్డం నిలబెట్టబోయింది, గాలికి నిలవడం లేదు.

పక్కనే ఒక పాత ఇంటి తలుపు ఓరగా తెరుచుకుంది. డెబ్బై ఏళ్ళ పెద్దావిడ. తెల్ల దుపట్టా, చేతికి రెండు గాజులు. "అందర్ ఆజావ్ బేటీ. మట్టీ ఉడ్‌రీ" అంది. లోపలికి రా బిడ్డా, దుమ్ము లేస్తోంది అని. నేను ఒక్క క్షణం అమ్మ వైపు చూశాను. అమ్మ అప్పటికే ఆటో దిగింది.

లోపల చిన్న అంగణం. ఒక మూల బొప్పాయి చెట్టు. ఆవిడ మమ్మల్ని లోపలి గదిలోకి పంపి, తాడు మంచం మీది పాత దుప్పటి తీసేసింది. బీరువా తెరిచి, ఉతికి మడత పెట్టిన కొత్త దుప్పటి తీసి, రెండు చేతులతో దులిపి పరిచింది. మడత గీతలు ఇంకా పోలేదు, నాఫ్తలీన్ వాసన. పరదా దించి బయటికి పోయింది. పాప పాలు తాగుతుంటే గోడ అవతల జేసీబీ రొద వినబడుతూనే ఉంది. కానీ ఆ గదిలో ఫ్యాను చప్పుడు, పాప గుటక వేసే చప్పుడు, అంతే. కాసేపటికి నా భుజాలు దిగాయి. పొద్దుటి నుంచి అవి బిగుసుకుని ఉన్నాయని అప్పుడు తెలిసింది.

ఆవిడ గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. రోజా ఉన్న మనిషి ముందు ఎట్లా తాగాలని నేను తటపటాయించాను. "దూధ్ పిలానేవాలీ పే రోజా నై, పీలో" అంది. పాలిచ్చే తల్లికి ఉపవాసం లేదు, తాగు అని. తన కోసం కాదు, నా కోసం ఆ మాట చెప్పింది. తాగాను. పాప నుదుటి మీద చెయ్యి పెట్టి ఏదో చదివి మెల్లగా ఊదింది. అమ్మ తన సంచిలోంచి రెండు అరటిపళ్ళు తీసి ఇఫ్తార్‌కు ఉంచుకోమని ఇచ్చింది. ఇద్దరూ ఒకరి పేరు ఒకరు అడగలేదు. మోకాళ్ళ నొప్పుల గురించి మాత్రం అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. ఆవిడ ఇంటి గోడ మీద కూడా, కూల్చాల్సిన ఇళ్ళకు వేసే ఎర్రరంగు గుర్తుంది. బయటికి వస్తూ చూశాను. అడగడానికి నోరు రాలేదు.

ఆ దాయిరాలోనే మీర్ మోమిన్ సమాధి ఉంది. మహమ్మద్ కులీ కుతుబ్‌షా పేష్వా ఆయన. 1591లో చార్మినార్‌ను నడిమధ్యన పెట్టి, నాలుగు దిక్కులకు నాలుగు దారులు తీసి ఈ నగరానికి రూపం ఇచ్చింది ఆయనేనని చెబుతారు. ఇంకాస్త ముందుకు పోతే దారుల్‌షిఫా. అదే కులీ కుతుబ్‌షా కట్టించిన వైద్యశాల. ఊరు కట్టిన కొత్తలోనే రోగులకు ఇంత పెద్ద ఇల్లు కట్టాలని అనుకున్నవాళ్ళు, నడవలేని వాళ్ళను గురించి కూడా ఆలోచించే ఉంటారు. ఆటో ఆ కమాను పక్కనుంచి పోతుంటే నాకు ఆ మాటే అనిపించింది.

మూసీ దాటి ఎంజీబీఎస్ మెట్రో స్టేషన్ ముందు దిగాం. ఆటో కుర్రాడు మేము ఆగిన ఇరవై నిమిషాలకు పైసా ఎక్కువ అడగలేదు. బలవంతంగా యాభై ఇచ్చాను.

అక్కడి నుంచి ప్రయాణమే మారిపోయింది. లిఫ్టు తలుపు తెరుచుకుంది. అమ్మ, నేను, పాప, బండి, సంచి అన్నీ ఒక్కసారే పైకి వెళ్ళాం. అమ్మ మోకాలు ఒక్క మెట్టు కూడా ఎక్కలేదు. తనిఖీ దగ్గర నన్ను పక్కకు రమ్మని, అక్కడి అమ్మాయి "పాపను ఇట్లా ఇవ్వక్కా" అని రెండు చేతులూ చాచింది. జోలె విప్పేదాకా ఎత్తుకుని నిలబడింది. పాప ఆమె టోపీ వైపే చూస్తోంది.

ఎర్ర లైనులో మియాపూర్ బండి. ప్లాట్‌ఫారం, బండి నేల ఒకే ఎత్తు. తోపుడుబండిని తెరిచి, పాపను పడుకోబెట్టి, తోసుకుంటూ లోపలికి వెళ్ళాను. పాప పుట్టి ఐదో నెల నడుస్తుంటే ఆ చక్రాలు మొదటిసారి వాటి పని అవి చేశాయి. ఆడవాళ్ళ వైపు ఒక కాలేజీ పిల్ల లేచి అమ్మను కూర్చోబెట్టింది. ఉస్మానియా మెడికల్ కాలేజీ, గాంధీభవన్, నాంపల్లి, అసెంబ్లీ. బండి ఊపుకు పాప కళ్ళు వాలిపోయాయి.

లక్డీకాపూల్ వచ్చినప్పుడు కిటికీలోంచి రెడ్‌హిల్స్ వైపు చూశాను. అక్కడే నీలోఫర్ ఆస్పత్రి. నిజాం కోడలు నీలోఫర్, టర్కీ రాజకుటుంబపు ఆడబిడ్డ. తనకు పిల్లలు లేరు. తన దగ్గర పనిచేసే రఫత్ అనే అమ్మాయి కాన్పులో చనిపోతే తట్టుకోలేక, తల్లులకు, పిల్లలకు ఆస్పత్రి ఉండాలని పట్టుబట్టింది. 1953లో ఆస్పత్రి వచ్చింది. నేను పుట్టిన మూడో నెలలో ఊపిరాడక అవస్థ పడితే అమ్మ నన్ను చీరలో చుట్టుకుని శాలిబండ నుంచి బస్సులో ఇక్కడికే తెచ్చిందట. కిక్కిరిసిన బస్సు. ఎవరో కిటికీలోంచి చేతులు చాచి ముందు నన్ను అందుకున్నారట, తర్వాత అమ్మ ఎక్కిందట. అంత జనంలో నేను ఎవరి ఒడిలో ఉన్నానో అఫ్జల్‌గంజ్ దాకా అమ్మకు తెలియలేదట. ఈ కథ వందసార్లు విన్నాను. ఆ రోజు మెట్రోలో అమ్మ మళ్ళీ చెబుతుంటే మాత్రం మొదటిసారి భయంగా విన్నాను.

మియాపూర్‌లో లిఫ్టులో దిగాం. మావారు నిలబడి ఉన్నారు. ఇంటి నుంచి ఇంటికి రెండు గంటల నలభై నిమిషాలు. అందులో మెట్రోలో కూర్చున్నది ముప్పావుగంట కూడా లేదు. మిగతా సమయంలో చాలావరకు ఎంజీబీఎస్ చేరేలోపే గడిచిపోయింది.

నాకు దారిలో దొరికిన మనుషులు గొప్పవాళ్ళు. పాలాయన, ఆటో కుర్రాడు, దుప్పటి దులిపి పరిచిన ఆ పెద్దావిడ లేకపోతే నేను ఎంజీబీఎస్ దాకా చేరేదాన్నే కాదు. కానీ ఒక తల్లి ఊరు దాటాలంటే ప్రతి మలుపులోనూ ఒక మంచి మనిషి ఎదురుపడాల్సిన అవసరం ఉండకూడదు. శాలిబండలో మెట్రో స్టేషన్ కట్టేవాళ్ళకు నా విన్నపం ఒకటే. లిఫ్టు పెడతారు, సంతోషం. ఆ లిఫ్టు దాకా మా గల్లీ నుంచి వచ్చే దారిని కూడా స్టేషన్‌లో భాగమే అనుకోండి. ఫుట్‌పాత్‌ను మోకాలెత్తున కాకుండా వాలుగా దించండి, స్తంభాలను దాని మీద నాటకండి, మోరీ బండల మధ్య సందులు పూడ్చండి. లోపల ఎక్కడో ఒక మూల తల్లి కూర్చుని పాలివ్వడానికి తలుపున్న చిన్న గది కట్టండి. ఇళ్ళు పోగొట్టుకుని వంద అడుగుల రోడ్డు ఇచ్చినవాళ్ళు ఆ రోడ్డు మీద తమ మనవళ్ళను ఎత్తుకుని నడవగలగాలి.

ఆషాఢంలో లాల్‌దర్వాజ బోనాలకు పాపను తీసుకుని మళ్ళీ శాలిబండ వస్తాం. అప్పటికి దానికి ఎనిమిది నెలలు నిండుతాయి, కిలోలు కూడా ఇంకో రెండు పెరుగుతాయి. నీలం బండి ఇక్కడ మియాపూర్‌లోనే ఉంటుంది, అపార్టుమెంటు గేటు లోపల సాయంత్రాలు తిప్పడానికి. అమ్మ కుట్టిన జోలె ఉతికి మడతపెట్టి సంచిలో ఉంచాను.